సరిహద్దు మండలంలో డాక్టరు నిలవాలంటే

గౌరవనీయులు తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి శ్రీ దామోదర రాజనర్సింహ గారికి,

కామారెడ్డి జిల్లా, బాన్సువాడ డివిజన్, డోంగ్లి మండలం నుంచి ఒక విన్నపం.

మీ అందోలు నియోజకవర్గంలో సింగూరు ప్రాజెక్టును నింపిన మంజీర, నిజాంసాగర్ దాటి మా ప్రాంతం మీదుగా సాగి కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. ఒకే నది నీళ్లు తాగేవాళ్లం కనుక మీతో మనసు విప్పి మాట్లాడవచ్చన్న నమ్మకంతో ఈ లేఖ రాస్తున్నాను. అడగబోయేది కొత్త భవనం కాదు, కొత్త పథకం కాదు. మా సర్కారు దవాఖానకు వచ్చిన డాక్టరు, నర్సు, ఏఎన్‌ఎం కొన్నేళ్లపాటు ఇక్కడే నిలిచేలా చేయమని అడుగుతున్నాను.

ముందుగా ఒక మాట. ఈ లేఖ ఏ ఒక్క ఉద్యోగి మీదా ఫిర్యాదు కాదు. కరోనా కాలంలో ఊరూరా తిరిగి పరీక్షలు చేసినవాళ్లు, టీకాలు వేసినవాళ్లు ఆ సిబ్బందే. వాళ్ల మీద మాకు గౌరవం ఉంది. వాళ్లు ఇక్కడ ఉండలేకపోవడానికి కారణాలు వాళ్ల మనసుల్లో కంటే మన ఏర్పాట్లలోనే ఎక్కువ ఉన్నాయి. ఆ ఏర్పాట్లను మార్చే అధికారం మీ చేతుల్లో ఉంది కనుక మీకే రాస్తున్నాను.

మా మండలం వయసు చిన్నది. 2022 సెప్టెంబరు 26న రాష్ట్రంలో 13 కొత్త మండలాలు ఏర్పడినప్పుడు మద్నూర్ నుంచి విడిపోయి డోంగ్లి మండలమైంది. మా ఇబ్బంది మాత్రం పాతది. 1956 నవంబరు 1కి ముందు బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్లు నాందేడ్ జిల్లా దెగ్లూర్ తాలూకాలో ఉండేవి. రాష్ట్రాల పునర్విభజనలో అవి ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చి నిజామాబాద్ జిల్లాలో కలిశాయి. 2016 అక్టోబరు 11 నుంచి కామారెడ్డి జిల్లాలో ఉన్నాం. పరిపాలన ఎన్నిసార్లు మారినా మేం ఎప్పుడూ అంచునే ఉన్నాం. మహారాష్ట్ర మాకు పక్క ఊరు, కర్ణాటకలోని బీదర్ జిల్లా కూడా దూరం కాదు. ఇళ్లలో తెలుగుతో పాటు మరాఠీ, కన్నడ, ఉర్దూ వినిపిస్తాయి. జిల్లా కేంద్రం కామారెడ్డికి పోవాలంటే దాదాపు నూరు కిలోమీటర్ల ప్రయాణం. మద్నూర్ మీదుగా పోయే 161వ నంబరు జాతీయ రహదారి బాగానే ఉంది. ఆ రహదారి దాకా రాత్రిపూట రోగిని చేర్చడమే మా లోపలి ఊళ్లకు కష్టం. మంజీర పొంగిన రోజుల్లో ఒడ్డు ఊళ్ల సంగతి చెప్పనక్కర్లేదు.

ఇలాంటి చోట దవాఖానలో డాక్టరు ఉండటానికి, లేకపోవడానికి మధ్య తేడా ఎంతో రెండు ఉదాహరణలు చెబుతాను.

వానాకాలంలో సోయా, పత్తి చేలల్లో కలుపు తీసేవాళ్లను పాము కరవడం మా దగ్గర అరుదు కాదు. విషానికి విరుగుడు మందు అల్మారాలో ఉన్నంత మాత్రాన ప్రాణం నిలవదు. మొదటి మోతాదుగా సాధారణంగా పది వయల్స్ సెలైన్‌లో కలిపి ఎక్కించాలి. ఎక్కుతున్నప్పుడు ఒంటి మీద దద్దుర్లు రావచ్చు, ఊపిరి అందకపోవచ్చు, బీపీ పడిపోవచ్చు. ఆ నిమిషంలో అడ్రినలిన్ ఇచ్చి మనిషిని నిలబెట్టే డాక్టరు పక్కన ఉండాలి. డాక్టరు లేని రాత్రి డ్యూటీ నర్సు ఆ మందు ముట్టుకోవడానికి భయపడుతుంది, పెద్దాసుపత్రికి రాసిస్తుంది. ఆమెను తప్పు పట్టలేం. పాముకాటు మరణాలను 2030 నాటికి సగానికి తగ్గించాలని కేంద్ర ప్రభుత్వం 2024లో జాతీయ కార్యాచరణ ప్రణాళిక తెచ్చింది. ఆ లక్ష్యం నెరవేరేదీ వీగిపోయేదీ మా దవాఖానలాంటి చోట్లే.

రెండోది కాన్పు. బిడ్డ పుట్టాక ఆగని రక్తస్రావం రెండు గంటల్లో తల్లి ప్రాణం తీయగలదు. ఆ రెండు గంటల్లో మద్నూర్‌కు, అక్కడి నుంచి బాన్సువాడకు చేరాలంటే బండి, దారి, వాన అన్నీ కలిసి రావాలి. బండి ఎక్కించేముందు మందు ఇచ్చి, సెలైన్ పెట్టి, ముందుకు ఫోన్ చేసి పంపగల స్టాఫ్ నర్సు ఒకరుంటే ఆ ప్రయాణం వేరుగా ఉంటుంది. 2005 ఆగస్టు 15న మొదలైన 108 సేవ ఎన్నో ప్రాణాలు కాపాడింది. కానీ అంబులెన్స్ రోగిని తీసుకుపోయే వాహనమే. బయలుదేరకముందు జరగాల్సిన వైద్యం ఊళ్లోనే జరగాలి.

ఇవి అత్యవసరాలు. రోజూ కనిపించేవి బీపీ, షుగరు, క్షయ, మూర్ఛ, రక్తహీనత. వీటికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. రోగిని ఎరిగిన డాక్టరు కావాలి. పోయిన నెల బీపీ ఎంతుందో, మందు ఎందుకు మానేశాడో, ఇంట్లో ఎవరు తాగుతారో తెలిసిన డాక్టరు చెప్పే మాట వేరు. కొద్ది నెలలకోసారి డాక్టరు మారితే ప్రతిసారీ కథ మొదటి నుంచి చెప్పుకోవాలి. రెండు మూడుసార్లు చెప్పాక రోగి విసిగి ఆర్‌ఎంపీ దగ్గరికి పోతాడు, లేదా దెగ్లూర్ బస్సెక్కుతాడు. ఆర్‌ఎంపీల మీద తెలంగాణ వైద్య మండలి దాడులు చేస్తోంది. అర్హత లేని వైద్యాన్ని మేమూ సమర్థించం. అయితే అర్ధరాత్రి తలుపు తడితే పలికేది ఎవరన్నదే పల్లె చూస్తుంది. సర్కారు డాక్టరు ఊళ్లో ఉంటే ఆర్‌ఎంపీ గుమ్మం దానంతటదే ఖాళీ అవుతుంది.

ప్రభుత్వాలు నియామకాలు చేయలేదని నేను అనను. 2022లో మెడికల్ హెల్త్ సర్వీసెస్ రిక్రూట్‌మెంట్ బోర్డు 969 డాక్టర్ పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చింది. కొత్తగా చేరేవాళ్లు ప్రైవేటు ప్రాక్టీసు చేయరాదని అప్పుడే నిబంధన పెట్టారు. మీరు మంత్రిగా వచ్చాక 2024 జనవరి 31న దాదాపు ఏడు వేల మంది స్టాఫ్ నర్సులకు ఎల్బీ స్టేడియంలో నియామక పత్రాలు అందాయి. అదే ఏడాది మరో 435 సివిల్ అసిస్టెంట్ సర్జన్ పోస్టులకు ప్రకటన వచ్చింది. ఇవి చిన్న పనులు కావు, మెచ్చుకోవాల్సినవి.

కానీ నియామక పత్రం అందిన రోజు నుంచి మూడో ఏడు దాకా ఏం జరుగుతుందో ఎవరు లెక్క పెడుతున్నారు? చేరినవాళ్లలో ఎంతమంది అదే చోట ఉన్నారు? ఎంతమంది పీజీకి పోయారు? ఎంతమంది కాగితం మీద పల్లెలో, పనిలో పట్నంలో ఉన్నారు? ఖాళీల లెక్క వేరు, నిలకడ లెక్క వేరు. ప్రభుత్వం మొదటిది ప్రకటిస్తుంది. మాకు కావలసింది రెండోది.

ఈ నిలకడ లేకపోవడంతో ఒక మాట గట్టిగా ముడిపడి ఉంది. ఆ మాట డిప్యుటేషన్. పోస్టు ఒక మారుమూల కేంద్రంలో ఉంటుంది, జీతం అక్కడి పద్దులో పడుతుంది, మనిషి మాత్రం జిల్లా ఆస్పత్రిలోనో, పట్టణంలోని మరో దవాఖానలోనో పనిచేస్తుంటాడు. పోస్టు నిండినట్టే లెక్క గనుక కొత్తవాళ్లను వేయరు. పక్క కేంద్రం డాక్టరుకు ఇన్‌ఛార్జి బాధ్యత ఇస్తారు. ఆయన రెండు చోట్లా సగం సగం ఉంటాడు. ఖాళీగా ఉన్న పోస్టయినా బయటికి కనిపిస్తుంది, నోటిఫికేషన్‌లోకి ఎక్కుతుంది. డిప్యుటేషన్ పోయిన పోస్టు ఎవరికీ కనిపించదు. ఈ పద్ధతి రాష్ట్రమంతటా ఉంది. ప్రభుత్వాలు అప్పుడప్పుడూ డిప్యుటేషన్లు రద్దు చేస్తాయి, కొన్నాళ్లకు అవే మరో పేరుతో మళ్లీ మొదలవుతాయి.

ఇక డాక్టరు ఎందుకు వెళ్లిపోతాడో అతని వైపు నుంచి చూద్దాం. ఇరవై ఆరు, ఇరవై ఏడేళ్ల యువ డాక్టరు. చదువు అయిదున్నరేళ్లు. తోటివాళ్లు హైదరాబాద్‌లో కోచింగ్‌లో కూర్చుని నీట్ పీజీకి చదువుతుంటారు. అతను మా దగ్గర ఓపీ చూసి, రిపోర్టులు నింపి, వీడియో కాన్ఫరెన్సులకు హాజరై రాత్రి పుస్తకం పట్టుకోవాలి. అద్దెకు ఇల్లు దొరకదు. భార్య కూడా డాక్టరో, సాఫ్ట్‌వేర్ ఉద్యోగో అయితే ఆమెకు ఇక్కడ పని లేదు. పిల్లలుంటే బడి ఎక్కడ అన్న ప్రశ్న వస్తుంది. సందేహం వస్తే అడగడానికి పక్కన మరో డాక్టరు లేడు. లేడీ డాక్టరు అయితే రాత్రి పిలుపుకు ఒంటరిగా రావాలి. రోగి చనిపోతే బంధువులు ఎవరి మీద పడతారో అన్న భయం ఉంటుంది. ఇన్ని ఉన్నచోట ఉండమంటే ఉండటం త్యాగమవుతుంది. ఒక వ్యవస్థను త్యాగం మీద నడపలేం.

జీతం వైపు చూస్తే మరీ విచిత్రం. 2021లో అమలైన పీఆర్‌సీ ప్రకారం ఇంటి అద్దె భత్యం హైదరాబాద్‌లో 24 శాతం, నిజామాబాద్‌లాంటి నగరాల్లో 17, మధ్యస్థ పట్టణాల్లో 13, మిగతా చోట్ల 11. అద్దెలు పట్నంలో ఎక్కువ కనుక ఆ లెక్కకు ఒక న్యాయం ఉంది. కానీ ఫలితం చూడండి. ఒకే పరీక్ష రాసి, ఒకే మూల వేతనంతో చేరిన ఇద్దరు డాక్టర్లలో రాజధానిలో ఉన్నవారి చేతికి ఎక్కువ వస్తుంది, మా దగ్గరికి వచ్చినవారికి తక్కువ వస్తుంది. మా దగ్గర అద్దెకు ఇల్లే దొరకదు గనుక అతను బాన్సువాడలోనో బోధన్‌లోనో పట్టణపు అద్దె కట్టి, రోజూ పెట్రోలు పోసుకుని వస్తాడు. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో పనిచేసే ఉద్యోగులకు ప్రత్యేక పరిహార భత్యం ఉంది, అది న్యాయమే. మేం ఏజెన్సీ కాదు కనుక అది మాకు రాదు, పట్నం కాదు కనుక ఎక్కువ అద్దె భత్యమూ రాదు. ప్రభుత్వ పటంలో ఏజెన్సీకి, పట్నానికి మధ్య మారుమూల అనే గడి లేదు. డోంగ్లి ఆ లేని గడిలో ఉంది.

బలవంతం చేస్తే నిలుస్తారా అంటే, అనుభవం నిలవరనే చెబుతోంది. 2014లో తప్పనిసరి గ్రామీణ సేవ మీద జూనియర్ డాక్టర్లు వారాల తరబడి సమ్మె చేశారు. ఇల్లు, భద్రత, స్పష్టమైన జీతం చూపకుండా ఏడాది పల్లెకు పొమ్మంటే వాళ్లు దాన్ని శిక్షగా తీసుకున్నారు. శిక్షగా వచ్చిన డాక్టరు రోజులు లెక్కపెట్టుకుంటాడు, రోగులను లెక్కచేయడు. తప్పనిసరి సేవ పెట్టినా దానికి తోడు సదుపాయాలు, ఎదుగుదల ఉండాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో ఇచ్చి 2021లో సవరించిన మార్గదర్శకాల సారమూ ఇదే. పల్లె పిల్లలను చదువులోకి తీసుకోవాలి, చదువులోనే పల్లెను చూపించాలి, డబ్బు, ఇల్లు, వృత్తిలో ముందుకు పోయే దారి కలిపి ఇవ్వాలి. ఒక్కటే ఇస్తే చాలదు.

ఇది కలగా మిగిలిన మాట కాదు, చేసి చూపినవాళ్లున్నారు. జపాన్‌లో 1972లో జిచి వైద్య విశ్వవిద్యాలయం మొదలైంది. దేశంలోని 47 ప్రిఫెక్చర్లలో ప్రతి దాని నుంచీ ఇద్దరు ముగ్గురు విద్యార్థులను తీసుకుంటారు. ఫీజు అప్పుగా ఇస్తారు. చదివాక సొంత ప్రిఫెక్చర్‌లో తొమ్మిదేళ్ల ప్రాంతం పనిచేస్తే ఆ అప్పు తీరిపోతుంది. గడువు అయిపోయాక కూడా ఎక్కువమంది సొంత ప్రాంతంలోనే ఉండిపోయారు. థాయ్‌లాండ్ 1990ల మధ్య నుంచి పల్లె విద్యార్థుల కోసం ప్రత్యేక ప్రవేశాలు పెట్టి, ప్రాంతీయ ఆస్పత్రుల్లోనే శిక్షణ ఇచ్చి, తిరిగి ఆ ప్రాంతానికే పంపుతోంది.

అంత దూరం పోనక్కర్లేదు. పొరుగున ఛత్తీస్‌గఢ్ తన ఆరోగ్య కేంద్రాలను సాధారణ, కష్ట, అతి కష్ట, చేరలేని ప్రాంతాలుగా విభజించి, కష్టం పెరిగిన కొద్దీ భత్యం పెంచింది, పీజీ ప్రవేశానికి అదనపు మార్కులు ఇచ్చింది. మూడేళ్ల కోర్సు చదివిన గ్రామీణ వైద్య సహాయకులను కూడా పీహెచ్‌సీల్లో నియమించింది. మామూలు జబ్బుల చికిత్సలో వాళ్లు ఎంబీబీఎస్ డాక్టర్లకు తీసిపోలేదని ఒక అధ్యయనం తేల్చింది. తమిళనాడు సర్వీసులో ఉన్న డాక్టర్లకు పీజీ సీట్లలో వాటా ఇచ్చి నిలబెట్టుకుంది. రాష్ట్రాలకు ఆ అధికారం ఉందని 2020 ఆగస్టు 31న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తీర్పు చెప్పింది. అదే ఏడాది తమిళనాడు ప్రభుత్వ బడుల్లో చదివి నీట్ పాసైన పిల్లలకు ఎంబీబీఎస్‌లో 7.5 శాతం సీట్లు కేటాయించింది. ఆంధ్రప్రదేశ్ ఒక్కో పీహెచ్‌సీకి ఇద్దరు డాక్టర్లను పెట్టి, ఒకరు ఓపీ చూస్తే మరొకరు ఊళ్లకు పోయేలా చేసింది. అక్కడే ఇన్‌సర్వీస్ పీజీ కోటా తగ్గిస్తే పీహెచ్‌సీ డాక్టర్లు 2024లో రోడ్డెక్కారు. పల్లెలో ఉన్న డాక్టరుకు పీజీ సీటు ఎంత పెద్ద ఆశో దీన్నిబట్టే తెలుస్తుంది.

మరాఠీ నేల నుంచి ఇంకో పాఠం ఉంది. గడ్చిరోలిలో అభయ్ బంగ్, రాణి బంగ్ దంపతులు ఊరి స్త్రీలకు శిక్షణ ఇచ్చి, పుట్టిన బిడ్డలను ఇంటి దగ్గరే చూసుకునే పద్ధతి నేర్పారు. ఆ ఊళ్లలో పసికందుల మరణాలు సగానికి పైగా తగ్గాయని 1999లో లాన్సెట్ పత్రికలో అచ్చయింది. ఈనాడు ఆశా కార్యకర్తలు బాలింత ఇంటికి వచ్చి బిడ్డను చూసే పద్ధతికి అదే మూలం. ఆ ఫలితం తెచ్చింది బయటి నుంచి వచ్చినవాళ్లు కాదు. ఆ ఊళ్లో పుట్టి, ఆ ఊళ్లోనే ఉండేవాళ్లు.

ఇక్కడే నా అసలు మాట ఉంది. మారుమూలలో నిలిచేది ఆ మారుమూలతో సంబంధం ఉన్నవాళ్లే. మన నియామక పద్ధతిలో స్థానికత అంటే ఏమిటో చూడండి. 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం రాష్ట్రానికి ఏడు జోన్లు, రెండు మల్టీజోన్లు. సివిల్ అసిస్టెంట్ సర్జన్ పోస్టు మల్టీజోన్ స్థాయిది. అంటే మా పోస్టుకు ఖమ్మం, ఆదిలాబాద్ అభ్యర్థి కూడా స్థానికుడే. మంచి డాక్టరు ఎక్కడి నుంచి వచ్చినా మాకు సంతోషమే. కానీ సొంతింటికి మూడు వందల కిలోమీటర్ల దూరంలో, తెలుగు తప్ప వేరే మాట రాని డాక్టరు, మరాఠీ తప్ప తెలుగు సరిగా రాని ముసలమ్మ ఎదురెదురుగా కూర్చుంటే వైద్యం సగమే జరుగుతుంది. అతని బదిలీ దరఖాస్తు చేరిన నెలలోనే తయారవుతుంది.

కామారెడ్డిలో 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ మొదలైంది, ఏడాదికి వంద సీట్లు. బాన్సువాడలో ప్రభుత్వ నర్సింగ్ కాలేజీ ఉంది. బాన్సువాడ మాతా శిశు ఆస్పత్రి తల్లిపాల ప్రోత్సాహానికి 2022లో జాతీయ గుర్తింపు పొందింది. మన డివిజన్‌లోనే మంచి వైద్యం సాధ్యమని అది రుజువు చేసింది. ఇప్పుడు మీరు ఒక లెక్క తీయించండి. కామారెడ్డి కాలేజీలోని సీట్లలో జుక్కల్, మద్నూర్, డోంగ్లి, బిచ్కుంద, పిట్లం మండలాల పిల్లలు ఎంతమంది ఉన్నారు? ఆ అంకెను ముందు పెట్టుకుని ఆలోచిస్తే దారి దానంతటదే కనిపిస్తుంది.

మా విన్నపాలు ఇవి.

ఒకటి, మారుమూల కేంద్రాల జాబితాను ప్రకటించండి. ఏరియా ఆస్పత్రికి దూరం, చివరి బస్సు వేళ, అద్దె ఇళ్లు, వరదకు దారులు తెగడం, సరిహద్దు భాషలు వీటిని కొలతగా పెట్టండి. ఆ జాబితాలోని కేంద్రాలకు ఏజెన్సీతో సమానంగా భత్యం ఇవ్వండి. ఇంటి అద్దె భత్యంలో 11 శాతానికి, 24 శాతానికి మధ్య తేడా ఆ కేంద్రాల్లోనైనా పోవాలి.

రెండు, జాబితాలోని కేంద్రానికి ఒక్క డాక్టరును వేయకండి, ఇద్దరిని వేయండి. భార్యాభర్తలిద్దరూ వైద్య ఉద్యోగులైతే ఒకేచోట పోస్టింగు ఇవ్వండి. నీళ్లు, కరెంటు, ఇంటర్నెట్, కాపలా ఉన్న క్వార్టర్లు డాక్టరుకు మాత్రమే కాదు, రాత్రి డ్యూటీ చేసే నర్సుకు కూడా కట్టించండి.

మూడు, ఈ కేంద్రాల నుంచి డిప్యుటేషన్లను పూర్తిగా ఆపండి. తప్పనిసరి అయితే బదులు మనిషి వచ్చాకే పంపండి. ఏ కేంద్రంలో ఎవరి పోస్టు ఉంది, ఎవరు పనిచేస్తున్నారు అన్నది నెలనెలా దవాఖాన గోడ మీద తెలుగులో రాయించండి. ఊరి జనం చదువుకుంటారు.

నాలుగు, మూడేళ్లు నిజంగా పనిచేసినవారికి తర్వాతి పోస్టింగు కోరుకునే హక్కు ఇవ్వండి. ఇన్‌సర్వీస్ పీజీ కోటాలో మారుమూల సేవకు అదనపు విలువ కట్టండి. లెక్కలోకి వచ్చేది అక్కడ పనిచేసిన రోజులే కావాలి, కాగితం మీది పోస్టు కాకూడదు. మూడేళ్ల తర్వాత దారి ఉందని తెలిసినవాళ్లే మూడేళ్లు మనసు పెట్టి ఉంటారు.

అయిదు, సరిహద్దు మండలాల ప్రభుత్వ బడుల్లో, గురుకులాల్లో చదివిన పిల్లలకు మెడికల్, నర్సింగ్ సీట్లలో కొంత వాటా ఇచ్చి, ఫీజు ప్రభుత్వమే భరించి, ప్రతిగా సొంత ప్రాంతంలో సేవ చేసే ఒప్పందం పెట్టండి. చట్టపరమైన అడ్డంకులుంటే నర్సింగ్, ఏఎన్‌ఎం కోర్సులతో మొదలుపెట్టండి. డాక్టరు తయారుకావడానికి అయిదున్నరేళ్లు పడుతుంది, నర్సుకు నాలుగేళ్లు, ఏఎన్‌ఎంకు రెండేళ్లు చాలు. ఈ మండలాల్లోని పోస్టుల ఎంపికలో మరాఠీ లేదా కన్నడ వచ్చినవారికి కొన్ని మార్కులు కలపండి. బయటి నుంచి వచ్చినవారికి చేరిన మొదటి నెలల్లో ఆ భాషల్లో అవసరమైన నాలుగు మాటలు నేర్పే ఏర్పాటు చేయండి.

ఆరు, కామారెడ్డి కాలేజీ హౌస్ సర్జన్ల కమ్యూనిటీ మెడిసిన్ పోస్టింగు 12 వారాలు. అందులో కొన్ని వారాలు మద్నూర్, డోంగ్లి, జుక్కల్ కేంద్రాల్లో ఉండి చేయించండి. వసతి కల్పించండి, వెంట బోధించే సీనియర్‌ను పంపండి. చదువుకునే రోజుల్లో ఈ ఊళ్లు చూసినవాళ్లకు ఉద్యోగంలో ఇవి పరాయి ఊళ్లు కావు.

ఏడు, ఇప్పటికే ఇక్కడ ఉన్నవాళ్లను కాపాడుకోండి. పల్లె దవాఖానల్లో ఆయుర్వేద డాక్టర్లను 40,000 రూపాయల జీతంతో, నర్సులను 29,900తో కాంట్రాక్టు మీద పెట్టారు. ఏళ్ల తరబడి కాంట్రాక్టులోనే ఉన్న రెండో ఏఎన్‌ఎంలు 2023లో సమ్మె చేశారు. ఆశాలకు నెలకు ఇచ్చేది 2022లో 9,750 రూపాయలకు పెరిగింది. 18,000 కావాలని వాళ్లు అడుగుతూనే ఉన్నారు. డాక్టరు వచ్చినా పోయినా, నర్సు బదిలీ అయినా కాకపోయినా, ఊరు విడిచి పోని ఆరోగ్య కార్యకర్త ఆశా ఒక్కతే. ఆమె వేతనం మీద, రెండో ఏఎన్‌ఎంలను పర్మినెంట్ చేయడం మీద గడువుతో కూడిన నిర్ణయం ప్రకటించండి. ఉన్నవాళ్లను నిరాశపరిచి కొత్తవాళ్లను పిలిస్తే ఎవరు నమ్మి వస్తారు?

వీటికి డబ్బు కావాలి, నిజమే. దేశంలోని గ్రామీణ సామాజిక ఆరోగ్య కేంద్రాల్లో కావలసిన స్పెషలిస్టుల్లో దాదాపు 80 శాతం కొరత ఉందని కేంద్ర ఆరోగ్య శాఖ 2021-22 గణాంకాలే చెప్పాయి. అంతటి కొరత ఉన్న దేశంలో కట్టిన భవనాలు, కొన్న యంత్రాలు మనిషి లేక మూలన పడితే అయ్యే నష్టం పెద్దది. మా మండలంలోని ఒక్కో పేద కుటుంబం ఒక్క జబ్బుకు సరిహద్దు దాటి ప్రైవేటు ఆస్పత్రిలో కట్టే బిల్లు, వడ్డీకి తెచ్చిన అప్పు, అమ్మిన ఎద్దులు ఏ బడ్జెట్ పద్దులోనూ కనిపించవు. ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో పది లక్షలకు పెంచారు. ఆ కార్డు చెల్లే ఆస్పత్రి దాకా ప్రాణంతో చేర్చే మొదటి వైద్యం ఊళ్లో అందితేనే ఆ పది లక్షలకు అర్థం.

అడగడమే కాదు, మా వంతు బాధ్యతా మాకు తెలుసు. మండలంలోని పంచాయతీలకు, యువజన సంఘాలకు, మహిళా సంఘాలకు ఈ లేఖ ద్వారానే విజ్ఞప్తి చేస్తున్నాను. మన ఊరికి వచ్చిన డాక్టరుకు, నర్సుకు ఇల్లు చూపించడం మన పని. రాత్రి కేసుకు పిలిచినప్పుడు తోడు మనిషిని పంపడం మన పని. రోగి దక్కనప్పుడు సిబ్బంది మీద చేయెత్తడం నేరం, 2008 నుంచి దానికి ప్రత్యేక చట్టమే ఉంది. చట్టం ఉన్నా లేకపోయినా అది మన ఊరికి తలవంపు. సిఫారసు చేయించి తెల్లచీటీ మీద సెలవు పత్రం, వయసు పత్రం రాయించుకునే ఒత్తిడి మనం మానుకోవాలి. మర్యాద దొరికిన చోట మనిషి మరో ఏడాది ఉండటానికి ఒప్పుకుంటాడు.

మంత్రి గారూ, ఇవన్నీ ఒకేసారి కావని తెలుసు. జాబితా ప్రకటించడానికి, డిప్యుటేషన్లు ఆపడానికి, కామారెడ్డి హౌస్ సర్జన్లను ఇటు పంపడానికి కొత్త చట్టం అక్కర్లేదు, మీ శాఖ ఉత్తర్వు చాలు. ఆ మూడింటిని ముందుగా ఈ సరిహద్దు మండలాల్లో అమలు చేయండి. ఏడాది తర్వాత ఎంతమంది నిలిచారో లెక్క తీసి శాసనసభలో చెప్పండి. ఫలితం బాగుంటే రాష్ట్రంలోని ప్రతి మారుమూల మండలానికీ విస్తరించండి. ఒక్కసారి మీరే డోంగ్లి రండి. దవాఖాన సిబ్బందితో, ఆశాలతో కూర్చుని, వాళ్లు ఉండటానికి ఏం కావాలో వాళ్ల నోటే వినండి. మీ రాక కోసం, మీ ఉత్తర్వు కోసం ఎదురుచూస్తుంటాం.

ఇట్లు,
మీ విధేయ పౌరుడు,
డోంగ్లి మండలం, కామారెడ్డి జిల్లా.